4,29,49,67,297: ఒక విరుపులోని పనితనం

ఈ వ్యాసమంతా ఒకే ఒక్క సంఖ్య గురించి. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. తయారు చేయడం తేలిక: 2ను 32 సార్లు వేసి గుణించి, వచ్చినదానికి ఒకటి కలిపితే చాలు. సున్నా, ఒకటి మాత్రమే వాడే కంప్యూటర్ లిపిలో రాస్తే మొదట ఒక 1, మధ్యలో 31 సున్నాలు, చివర ఇంకో 1. ఇంత నున్నటి సంఖ్యను చూస్తే ఎక్కడా అతుకు లేదనిపిస్తుంది. అలా అనిపించినవాళ్ళలో పదిహేడో శతాబ్దపు మహామేధావి పియెర్ ద ఫెర్మా కూడా ఉన్నాడు. అతుకు ఉందని తేల్చినవాడు లియొన్హార్డ్ ఆయిలర్. 641తో ఈ సంఖ్య నిశ్శేషంగా భాగించబడుతుందన్న సమాచారం చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. నాకు మాత్రం అసలు అందం ఆ వాక్యం తర్వాతే మొదలవుతుందని అనిపిస్తుంది. ఎందుకు 641, ఆ విరుపు గీత ఎక్కడెక్కడ కనిపిస్తుంది, రెండు ముక్కలూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా అమరాయి అన్నవే చూడదగ్గ సంగతులు.

ఫెర్మా ఫ్రాన్సులో టూలూజ్ న్యాయస్థానంలో ఉద్యోగి. గణితం ఆయన తీరిక వేళల పని, అదీ ఎక్కువగా ఉత్తరాల రూపంలో. 1640లో ఫ్రెనికల్ అనే మిత్రుడికి రాస్తూ ఒక వరుస చూపించాడు: 3, 5, 17, 257, 65,537. వీటిలో ప్రతి ఒక్కటీ 2 ఘాతానికి 1 కలిపితే వచ్చేదే. ఘాతాలు వరుసగా 1, 2, 4, 8, 16. ఘాతం కూడా 2 ఘాతమే కావాలన్న నియమం ఊరికే పెట్టింది కాదు. ఘాతంలో బేసి కారణాంకం దూరిందంటే సంఖ్య తప్పక విరుగుతుంది. ఉదాహరణకు 2⁶ + 1 అంటే 65, అది 2² + 1 అయిన 5తో పోతుంది. కాబట్టి ఈ రకంలో ప్రధాన సంఖ్యలు దొరికితే ఈ వరుసలోనే దొరకాలి. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మన సంఖ్య. వరుసలో అన్నీ ప్రధానమేనని ఫెర్మా నమ్మాడు. తన దగ్గర నిరూపణ లేదని చెప్పుకుంటూనే ఏళ్ళ తరబడి ఆ నమ్మకాన్ని ఉత్తరాల్లో మళ్ళీ మళ్ళీ రాశాడు.

1729 డిసెంబరులో గణితజ్ఞుడు క్రిస్టియన్ గోల్డ్‌బాక్ సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయిలర్‌కు ఒక ఉత్తరం రాసి, ఫెర్మా చెప్పిన ఈ సంగతి మీకు తెలుసా అని చివర్లో అడిగాడు. అప్పటికి ఆయిలర్ వయసు ఇరవై రెండు. సంఖ్యాశాస్త్రం వైపు ఆయన మళ్ళడానికి ఆ ప్రశ్న పెద్ద కారణమయిందని చరిత్రకారులు చెబుతారు. మొదట ఆయన అంతగా పట్టించుకోలేదు, గోల్డ్‌బాక్ వదల్లేదు. 1732లో ఆయిలర్ ఒక వ్యాసంలో సమాధానం చెప్పాడు: 4,29,49,67,297 = 641 × 67,00,417.

చేత్తో సరిచూడడం రెండు నిమిషాల పని. 67,00,417ను 600తో గుణిస్తే 402,02,50,200. 40తో గుణిస్తే 26,80,16,680. ఒకటితో 67,00,417. మూడూ కూడితే మన సంఖ్య వచ్చేస్తుంది. అయితే ఆ వ్యాసంలో ఆయిలర్ 641 ఎలా దొరికిందో చెప్పలేదు. గుడ్డిగా వెతికి ఉంటే? మన సంఖ్య వర్గమూలం 65,536కు ఇసుమంత ఎక్కువ. అక్కడిదాకా 6,542 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి. వరసన భాగించుకుంటూ పోయినా 641 నూట పదహారోది కాబట్టి నూట పదహారు భాగహారాల్లో పని అయ్యేది. ఓపిక ఉన్నవాడికి అది అసాధ్యం కాదు. కానీ 1747 ప్రాంతంలో ఆయిలర్ వెలువరించిన పద్ధతి చూస్తే ఆ నూట పదహారులో దాదాపు అన్నీ అనవసరమని తెలుస్తుంది. ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే పనితనమంతా ఇక్కడుంది.

ఒక బేసి ప్రధాన సంఖ్య తీసుకుని 2, 4, 8, 16... వీటిని దానితో భాగిస్తూ శేషాలు రాయండి. 7తో అయితే 2, 4, 1, 2, 4, 1 అని వస్తుంది. శేషం 1కి చేరగానే వరుస మొదటికి వస్తుంది. ఇక్కడ చక్రం నిడివి 3. ఈ నిడివి ఎప్పుడూ ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువైన సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుంది: 3 ఆరుని భాగిస్తుంది కదా. ఈ సూత్రం ఫెర్మాదే. ఇది కూడా 1640లోనే, ఇదే ఫ్రెనికల్‌కు రాసిన మరో ఉత్తరంలో ఉంది. ఇప్పుడు ఏదో ఒక ప్రధాన సంఖ్య మన సంఖ్యను భాగించిందనుకుందాం. అంటే 32వ అడుగులో శేషం −1 (భాజకానికి ఒకటి తక్కువ). దాన్ని వర్గం చేస్తే 64వ అడుగులో శేషం 1. కాబట్టి చక్రం నిడివి 64ను భాగించాలి. 64ను భాగించేవి 1, 2, 4, 8, 16, 32, 64 మాత్రమే. చివరిది తప్ప మిగతావన్నీ 32నూ భాగిస్తాయి. నిడివి వాటిలో ఒకటైతే 32వ అడుగులోనే 1 వచ్చి ఉండాలి, కానీ అక్కడ వచ్చింది −1. కాబట్టి నిడివి కచ్చితంగా 64. అంటే మన సంఖ్యను భాగించగల ప్రతి ప్రధాన సంఖ్యా 64 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండి తీరాలి.

జల్లెడ ఒక్కసారిగా ఎంత బిగిసిందో చూడండి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధానమైనవి 193, 257, 449, 577, 641. ఇక భాగహారాలు అయిదే. 193తో శేషం 109. 257తో 2. 449తో 325. 577తో 288. 641తో సున్నా.

1878లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ ల్యూకా జల్లెడను ఇంకో మెట్టు బిగించాడు. ఇటువంటి ప్రధాన సంఖ్యతో భాగించినప్పుడు ఏదో ఒక వర్గం తప్పక 2 శేషాన్ని ఇస్తుంది. ఆ వర్గానికి మూలమైన సంఖ్యను తీసుకుని దాని ఘాతాలు రాసుకుంటూ పోతే చక్రం నిడివి 64కు రెట్టింపు అవుతుంది. కాబట్టి 64 స్థానంలో 128 పెట్టవచ్చు. అప్పుడు 641లోపు మిగిలే పోటీదారు 257 ఒక్కటే. ఈ జల్లెడతోనే రెండో ముక్క సంగతీ తేల్చవచ్చు. 67,00,417 ఇంకా విరుగుతుందా? దాని వర్గమూలం 2,588 దాటి కొంచెం. అంతలోపు 128 గుణిజానికి ఒకటి ఎక్కువైన ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు. 67,00,417 ప్రధాన సంఖ్యే. పది అంకెల సంఖ్య పూర్తి కథ పది భాగహారాల్లో ముగిసింది, అదీ ఒక కాగితం మీద.

ఇక్కడ ఫెర్మా విషయం మనసును తొలుస్తుంది. ఇదే పద్ధతిని ఆయన వాడాడు కూడా. అదే 1640లో 2³⁷ − 1 అనే పన్నెండంకెల సంఖ్యను 223 భాగిస్తుందని కనిపెట్టాడు. దాని కారణాంకాలు 37 గుణిజం కన్నా ఒకటి ఎక్కువగానే ఉండాలని గ్రహించి చేసిన పని అది. అలాంటివాడు 641 దగ్గర ఎందుకు ఆగిపోయాడు? ఇరవయ్యో శతాబ్దపు గణితజ్ఞుడు ఆంద్రె వేయ్ ఒక ఊహ చెప్పాడు: ఫెర్మా ఈ భాగహారాలు చేసే ఉంటాడు, ఎక్కడో లెక్క తప్పి ఉంటాడు, మళ్ళీ సరిచూసుకోలేదు. నాకూ అదే నమ్మదగినదిగా తోస్తుంది. 641తో ఒక్క భాగహారం సరిగ్గా పడి ఉంటే సంఖ్యాశాస్త్ర చరిత్రలో ఒక అధ్యాయం తొంభై ఏళ్ళు ముందే రాసి ఉండేవారు.

641 దొరికాక, ఇది భాగిస్తుందని భాగహారం చేయకుండానే చూపే మార్గం ఒకటి తర్వాతి కాలంలో వచ్చింది. నాలుగు అడుగులు. 641ను రెండు రకాలుగా రాయండి: 5 × 2⁷ + 1, అలాగే 5⁴ + 2⁴. 640 + 1, 625 + 16 కదా. మొదటి రూపం ప్రకారం 641తో భాగిస్తే 5 × 2⁷ శేషం −1. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. పెడితే −2³² శేషం 1 అవుతుంది. అంటే 2³² + 1 శేషం సున్నా. అయిపోయింది. మొత్తం నిరూపణలో 641 కన్నా పెద్ద సంఖ్యను విడమరిచి రాయనక్కర లేదు. పది అంకెల సంఖ్యను ముట్టుకోకుండానే దాని గుట్టు విప్పడం ఇది.

ఇంతకన్నా నాకు ఇష్టమైన ముఖం ఇంకొకటి ఉంది. మన సంఖ్య రెండు వర్గాల మొత్తం: 65,536² + 1². దాన్ని తయారు చేసిన పద్ధతిలోనే ఇది ఉంది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా సరే రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయవచ్చు. ఫెర్మా చెప్పిన ఈ మాటను ఆయిలర్ నిరూపించాడు. దాని అవతలి వైపు ఏమిటంటే, ఒక సంఖ్య రెండు వేర్వేరు విధాలుగా రెండు వర్గాల మొత్తమైతే అది ప్రధానం కానే కాదు. మన సంఖ్యకు రెండో రూపం ఉందా? ఉంది: 62,264² + 20,449². వర్గాలు 387,68,05,696, 41,81,61,601. కూడి చూడండి.

ఈ రెండు రూపాలు ఉంటే చాలు, కారణాంకాలు వాటంతట అవే బయటికి వస్తాయి. 65,536లోంచి 62,264 తీసేస్తే 3,272. రెండో జతలో 20,449లోంచి 1 తీసేస్తే 20,448, ఒకటి కలిపితే 20,450. ఇప్పుడు 3,272కూ 20,448కీ సామాన్యంగా ఉన్న 8ని కొట్టేస్తే 409, 2,556 మిగులుతాయి. 3,272కూ 20,450కీ సామాన్యంగా ఉన్న 818ని కొట్టేస్తే 4, 25 మిగులుతాయి. ఈ జతల వర్గాలు కూడితే? 4² + 25² = 641. 409² + 2,556² = 67,00,417. రెండు ముక్కలూ చేతిలో ఉన్నాయి. ఒక్క భాగహారమూ చేయలేదు, సామాన్య కారణాంకాన్ని కొట్టేయడం తప్ప.

ఇప్పుడు వెనక్కి కలుపుదాం. ఒక్కొక్కటి రెండు వర్గాల మొత్తమైన రెండు సంఖ్యలను గుణిస్తే లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమవుతుంది, పైగా రెండు విధాలుగా. దీని ఛాయ గ్రీకు డయోఫాంటస్ గ్రంథంలో కనిపిస్తుంది. ఇంకా విశాలమైన రూపంలో చెప్పినవాడు మన బ్రహ్మగుప్తుడు, క్రీ.శ. 628లో, బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో. వర్గప్రకృతి అనే ఒక తరగతి సమీకరణాలను సాధించడానికి ఆయన వాడిన ఆ సూత్రాన్ని తర్వాతివాళ్ళు భావన అన్నారు. రెండు వర్గాల లెక్క దానిలో ఒక ప్రత్యేక సందర్భం. దాని ప్రకారం నాలుగు గుణకారాలు కావాలి: 25 × 2,556 = 63,900; 4 × 409 = 1,636; 25 × 409 = 10,225; 4 × 2,556 = 10,224. మొదటి రెండూ తీసివేసి చివరి రెండూ కూడితే 62,264, 20,449: అదే రెండో రూపం. ఇక మొదటి రెండూ కూడి చివరి రెండూ తీసివేస్తే 65,536, 1.

ఆ చివరి తీసివేత దగ్గర కాస్త ఆగండి. 10,225లోంచి 10,224. మన సంఖ్య చివర కూర్చున్న ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో ఇది చూపిస్తుంది. వడ్రంగి రెండు చెక్కలను అతికి మధ్యలో వెంట్రుక దూరేంత సందు మాత్రమే మిగిల్చినట్టు, 641లోని 25, 4 జతా, 67,00,417లోని 2,556, 409 జతా అంత దగ్గరగా అమరాయి. 25ను 4తో భాగిస్తే 6.25. 2,556ను 409తో భాగిస్తే 6.2494. ఆ తేడా సరిగ్గా 1,636లో ఒక వంతు, అంటే రెండు హారాలను గుణిస్తే వచ్చేదానిలో ఒక వంతు. ఈ హారాలతో రెండు వేర్వేరు భిన్నాలు ఇంతకన్నా దగ్గరగా ఉండలేవు. పైనుంచి నున్నగా కనిపించే సంఖ్య లోపల ఇంత బిగువైన అతుకు ఉంది.

కారణాంకాల ఊసే లేకుండా, ప్రధానం కాదని మాత్రం తేల్చే దారి కూడా ఉంది. 1877లో పెపెఁ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఈ వరుస సంఖ్యలకు ఒక పరీక్ష ఇచ్చాడు. 3తో మొదలుపెట్టి వర్గం చేయడం, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవడం, మళ్ళీ వర్గం చేయడం. ఇలా 31 సార్లు. చివర్లో −1 మిగిలితేనే ప్రధానం. మిగిలేది 1,03,24,303. ఇంకోసారి వర్గం చేస్తే 302,90,26,160. ఫెర్మా సొంత సూత్రం ప్రకారమే, మన సంఖ్య ప్రధానమైతే అక్కడ 1 రావాలి. ముప్ఫై రెండు వర్గాలు చేసే ఓపిక ఉంటే ఆయనకు 641 అవసరమే లేదు.

అమెరికాలో జీరా కోల్బర్న్ అనే పిల్లవాడు ఉండేవాడు. మనసులోనే పెద్ద లెక్కలు చేసేవాడు. ఎనిమిదేళ్ళ వయసులో లండన్ తీసుకెళ్ళి ప్రదర్శనలు ఇప్పించినప్పుడు ఈ సంఖ్యనే ఇచ్చి విరగ్గొట్టమంటే 641 అని చెప్పాడట. ఎలా చేశాడో అప్పట్లో అతను విడమరిచి చెప్పలేకపోయాడు.

రెండు మెట్లు కింద ఉన్న పొరుగు సంఖ్య 4,29,49,67,295 కథ వేరు. అది విరుగుతుంది, కానీ ఎంత క్రమంగానో: 3 × 5 × 17 × 257 × 65,537. ఫెర్మా చూపిన అయిదు ప్రధాన సంఖ్యలూ ఒక్కొక్కసారి. 3 × 5 అంటే 15. 15 × 17 అంటే 255. 255 × 257 అంటే 65,535. ప్రతి అడుగులోనూ ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ జత గుణకారమవుతోంది. ఇందుకే 257తో భాగించినప్పుడు మన సంఖ్య శేషం 2 వచ్చింది. వరుసలోని ఏ రెండు సంఖ్యలకూ సామాన్య కారణాంకం ఉండదని గోల్డ్‌బాక్ 1730లో ఈ దారినే ఆయిలర్‌కు రాశాడు.

ఈ వరుసకు జ్యామితితోనూ సంబంధం ఉంది. జర్మన్ గణితజ్ఞుడు గాస్ 1796 మార్చి 30న, పందొమ్మిదేళ్ళు నిండకముందే, పదిహేడు భుజాల క్రమబహుభుజిని వృత్తలేఖిని, కొలబద్దలతోనే గీయవచ్చని కనుగొన్నాడు. తర్వాత తేలిందేమిటంటే, బేసి భుజాలుంటే ఆ సంఖ్య ఈ వరుసలోని వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధమై ఉండాలి. ఈ రోజుకూ మనకు తెలిసిన అలాంటి బేసి సంఖ్యల్లో అతి పెద్దది 4,29,49,67,295. దానికి రెండు ఎక్కువైన మన సంఖ్య ప్రధానమై ఉంటే దాన్నీ గీయవచ్చేది. 65,537 భుజాల నిర్మాణం కోసం జర్మనీలో హెర్మెస్ పదేళ్ళు పనిచేసి 1894లో ప్రకటించాడు. ఆ కాగితాల పెట్టె గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఉంది.

వరుసలో తర్వాతి సంఖ్య 2⁶⁴ + 1. ఫ్రాన్సుకే చెందిన లాండ్రి 1880లో, ఎనభై రెండేళ్ళ వయసులో, 2,74,177ను దాని కారణాంకంగా ప్రకటించాడు. 256 × 1,071 + 1 అని రాసి చూస్తే ల్యూకా జల్లెడ ఇక్కడా పనిచేస్తున్నట్టు తెలుస్తుంది. ఆపై సంఖ్య 39 అంకెలది. 1970లో మోరిసన్, బ్రిల్‌హార్ట్ కంప్యూటర్ మీద విరగ్గొట్టారు. 2ను 32 సార్లు వర్గం చేసి 1 కలిపినంత పెద్ద సంఖ్య దాకా, మన సంఖ్యతో మొదలుపెట్టి ఒక్కటీ ప్రధానం కాదని తేలింది. 65,537 తర్వాత ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంకొకటి దొరకలేదు.

ఆయిలర్ విరిచిన ఆ రెండు ముక్కలు ఇప్పుడు మన కంప్యూటర్లలో కూడా పనికొస్తాయి. యంత్రానికి భాగహారం నిదానమైన పని, గుణకారం చురుకైన పని. అందుకని ఒక స్థిరసంఖ్యతో భాగించమంటే, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దాన్ని వేరొక సంఖ్యతో గుణకారంగా మార్చి, లబ్ధంలో పైసగం 32 బిట్లు (సున్నా, ఒకటి అంకెలు) మాత్రం ఉంచుకుంటుంది. చాలా సంఖ్యలకు ఆ మార్పు ఉజ్జాయింపు, తర్వాత ఇంకొంత సర్దుబాటు అవసరమవుతుంది. 641తో భాగించాలంటే గుణించాల్సింది 67,00,417. రెండింటి లబ్ధం 2³²కు ఒకటే ఎక్కువ కాబట్టి, 32 బిట్లలో పట్టే ఏ సంఖ్యకైనా వచ్చే లోపం 641లో ఒక వంతుకు కూడా చేరదు, సర్దుబాటేమీ అక్కర్లేదు. లక్షను 67,00,417తో గుణిస్తే 6,70,04,17,00,000. దాని పైసగం 156. లక్షను 641తో భాగించినా భాగఫలం 156. ఇది తిప్పినా పనిచేస్తుంది: 67,00,417తో భాగించాలంటే 641తో గుణించి పైసగం తీసుకుంటే సరిపోతుంది.